మొదటి ఏడాది స్పోర్ట్స్ కారు: ఇప్పుడే కొనాలా, ఆగాలా? (ఉండేది బరంపురం, సర్వీస్ కోల్‌కతాలో)

బరంపురం_రాళ్ల_వ్యాపారి
ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురం, గ్రానైట్ వ్యాపారం. ఒక మంచి స్పోర్ట్స్ కారు కొనాలని ఎన్నో ఏళ్లుగా డబ్బు విడిగా దాస్తున్నాను. ఇంట్లో కూడా సరేనన్నారు. బండి కూడా ఖాయమైంది: పోర్షె 911. తేలనిది ఇంజిన్ సంగతే.

2024 మేలో కంపెనీ కొత్త 911ను రెండు రకాలుగా ప్రకటించింది. మామూలు కరేరాలో పాత 3.0 లీటర్ల ట్విన్ టర్బో ఇంజినే, కొంచెం మెరుగుపరిచి శక్తిని 394 పీఎస్ (దాదాపు హార్స్‌పవర్ లాంటి కొలత) చేశారు. కరేరా జీటీఎస్‌లో మాత్రం పూర్తిగా కొత్త 3.6 లీటర్ల ఇంజిన్, దానికి తోడు హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్‌కు ఎలక్ట్రిక్ మోటారు సాయం), మొత్తం 541 పీఎస్. మన దేశంలో ప్రకటించినప్పటి షోరూమ్ ధరలు ఒకటి 1.99 కోట్లు, రెండోది 2.75 కోట్లు.

మనసు జీటీఎస్ మీదే ఉంది. కానీ అది మొదటి ఏడాది ఇంజిన్, అంటే ఇప్పుడే కొత్తగా తయారీలోకి వచ్చింది. సర్వీస్ ఉన్న కోల్‌కతా ఇంటి నుంచి దాదాపు 600 కిలోమీటర్లు. భువనేశ్వర్‌లో గానీ విశాఖలో గానీ దీన్ని విప్పి చూసే చోటు నాకు కనబడలేదు. డబ్బు పెట్టడానికి భయం లేదు. కొన్న బండి షెడ్డులో పడి ఉంటుందేమోనన్నదే టెన్షన్. ఇలాంటి బండ్లు వాడినవాళ్లు, తెలిసినవాళ్లు దయచేసి వివరంగా రాయండి.

కోరాపుట్_ఘాట్
ఆదివారం, రాత్రి 9:42

అన్నా, జీటీఎస్ తీసుకో. రెండో ఆలోచన వద్దు.

పోర్షె ఈ టెక్నాలజీని నిన్న మొన్న పుట్టించలేదు. 2015, 2016, 2017లో వరసగా మూడుసార్లు లె మాన్స్ 24 గంటల కార్ల రేసు గెలిచిన 919 హైబ్రిడ్ వాళ్లదే. ఆ అనుభవమంతా ఇందులో ఉంటుంది. జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ ట్రాక్‌లో పాత జీటీఎస్ కంటే 8.7 సెకన్లు ముందుంది. బరువు పెరిగింది సుమారు 50 కిలోలే. ఇంత బాగా చేసిన బండిని మొదటి ఏడాది అన్న ఒక్క మాటతో పక్కన పెడితే ఎలా? సునాబెడ దాటి కిందికి దిగే మలుపుల్లో ఈ బండిని ఊహించుకుంటేనే ఒళ్లు పులకరిస్తోంది.

పర్లాకిమిడి_పెద్దాయన
ఆదివారం, రాత్రి 10:30

బాబూ, నేను ఇంజిన్లతోనే ఉద్యోగం చేసి రిటైర్ అయినవాణ్ణి. ఒక విషయం వివరంగా చెబుతాను, ఓపికగా చదవండి.

కొత్త ఇంజిన్‌లో ఏది పోతుందని అడిగితే అందరూ పిస్టన్లు, టర్బో, క్రాంక్ అంటారు. వాటిని కంపెనీవాళ్లు ఏళ్ల తరబడి ఎడారుల్లోనూ మంచులోనూ తిప్పి చూస్తారు. దెబ్బ తినేది ఎక్కువగా ఎవరూ తలచుకోని చిన్న వస్తువు. 2014 మొదట్లో అప్పటి కొత్త 911 జీటీ3 బండ్లు రెండు యూరప్‌లో తగలబడ్డాయి. కారణం వెతికితే కనెక్టింగ్ రాడ్‌ను పట్టి ఉంచే స్క్రూలు వదులయ్యాయని తేలింది. ఊడిన రాడ్ క్రాంక్‌కేస్‌ను (ఇంజిన్ కింది గుల్లను) బద్దలు కొట్టింది, నూనె బయటికి చిమ్మి మంట అంటుకుంది. అప్పటికి ప్రపంచమంతా కలిపి 785 బండ్లు. బండి నడపవద్దని అందరికీ కబురు పెట్టారు.

ఫెరారీ 458 ఇటాలియాదీ అదే కథ. 2010లో బండ్లు కాలిపోతున్నాయని గొడవయింది. చివరికి చూస్తే వెనక చక్రం పైభాగంలో వేడి తగలకుండా పెట్టిన రేకును అతికించిన జిగురు కారణం. ఆ జిగురు తీసేసి లోహపు బిగింపులు పెట్టారు.

స్క్రూ, జిగురు. డిజైన్ గొప్పగా ఉన్నా ఇలాంటివి టెస్ట్ బండ్లలో బయటపడవు. టెస్ట్ బండ్లు కొన్నే ఉంటాయి, చేయి తిరిగినవాళ్లు ఒక్కొక్కటిగా కడతారు. ఫ్యాక్టరీ లైన్ మీద వేలల్లో కడుతున్నప్పుడు సరఫరాదారు పంపిన సరుకులో చిన్న తేడా వచ్చినా అది కొన్నవాళ్ల చేతిలోనే తెలుస్తుంది. మొదటి ఏడాది భయం అంటే ఇదే. పేరున్న కంపెనీ కాబట్టి రాదు అనుకోవడానికి లేదు.

కోరాపుట్_ఘాట్
ఆదివారం, రాత్రి 10:51

పెద్దాయన గారూ, మీ ఉదాహరణే నా మాటను బలపరుస్తోంది కదండీ. ఆ 785 బండ్లకూ పోర్షె ఇంజిన్లే మార్చేసింది. రిపేరు కాదు, కొత్త ఇంజిన్. తర్వాత వాల్వ్ దగ్గర ఇంకో సమస్య వస్తే ఆ జీటీ3 ఇంజిన్లకు వారంటీని పదేళ్లకు పెంచింది. మొదట కొన్నవాళ్లను కంపెనీ వదిలేయలేదు. పరువు పోతుందని అందరికంటే ముందు వాళ్లనే చూసుకుంటుంది.

రాయగడ_రోడ్లు
సోమవారం, ఉదయం 6:55

తమ్ముడూ కోరాపుట్, నువ్వు చెప్పింది నిజమే. కానీ జర్మనీలో కంపెనీ చూసుకోవడం వేరు, మన దగ్గర చూసుకోవడం వేరు.

మా ఇంట్లో ఒక విదేశీ బండి ఉండేది, ఆ మోడల్ మన దేశానికి వచ్చిన మొదటి ఏడాదే కొన్నాం. కంపెనీ పేరు ఇక్కడ రాయను, అవసరమూ లేదు. డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్. కోరాపుట్ నుంచి వస్తూంటే దారిలో హెచ్చరిక దీపం వెలిగి ఒకే గేరులో ఇరుక్కుపోయింది. ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడారు. అయితే బండిని పైకెక్కించుకుని తీసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ లారీ ఆ చుట్టుపక్కల లేదు. మామూలు క్రేన్‌తో ముందు చక్రాలెత్తి లాగితే గేర్‌బాక్స్ పాడవుతుందని, వారంటీ పోతుందని వాళ్లే చెప్పారు. రాత్రంతా రోడ్డు పక్కనే ఉన్నాం. తర్వాత పార్టు విదేశం నుంచి రావాలన్నారు. వచ్చింది పాత నంబరు పార్టు, దాన్ని మార్చి కొత్త నంబరు విడుదలయిందట, మళ్లీ ఆర్డరు. బండి మంచిదే. వారంటీ కూడా ఇచ్చారు, ఒక్క రూపాయి తీసుకోలేదు. నెలల తరబడి బండి మాత్రం మా దగ్గర లేదు.

అందుకని బరంపురం అన్నయ్యా, ఇంజిన్ చెడిపోతుందా లేదా అన్నది సగం ప్రశ్నే. చెడిపోతే బరంపురం బైపాస్ మీద నుంచి దాన్ని ఎవరు, దేని మీద తీసుకెళ్తారో ముందు కనుక్కోండి.

గుణుపురం_అబ్బాయి
సోమవారం, ఉదయం 8:20

నేను గుణుపురం వాణ్ణే, ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నాను. ఇక్కడ స్పోర్ట్స్ కార్ల వాళ్లతో తిరుగుతుంటాను కాబట్టి అమెరికా వైపు సంగతి చెబుతాను.

ఇక్కడ షెవర్లే కంపెనీ స్పోర్ట్స్ కారు కార్వెట్ కొనేవాళ్లలో కొత్త తరం మొదటి ఏడాది బండి ముట్టుకోకూడదు అనే పట్టుదల ఉన్నవాళ్లు చాలామంది. 2020లో ఆ కార్వెట్‌లో ఎనిమిదో తరం, సీ8 వచ్చింది, ఇంజిన్ మొదటిసారి సీటు వెనక్కి వెళ్లింది. తొలి బండ్లలో ముందు డిక్కీ మూత సరిగా మూసుకోకుండానే జనం నడిపితే గాలికి ఎగిరి అద్దానికి తగిలేది. రీకాల్ చేసి (అంటే అమ్మిన బండ్లను కంపెనీ వెనక్కి పిలిపించి సరిచేయడం), మూత తెరిచి ఉంటే బండి గంటకు 42 కిలోమీటర్లు దాటకుండా సాఫ్ట్‌వేర్ మార్చారు. ఇలాంటివి మొదటి ఏడాది జబ్బులే, తర్వాత ఏడాదికి నయమైపోతాయి.

కానీ ఆగితే అన్నీ నయమవుతాయనుకోకండి. పాత కార్వెట్ సీ6 జెడ్06 చూడండి, 7.0 లీటర్ల ఎల్ఎస్7 ఇంజిన్. వాల్వ్ గైడ్లు తొందరగా అరిగిపోయే సమస్య. 2006 నుంచి 2013 వరకు ఆ బండి తయారైనంత కాలం ఆ గొడవ వెంటే ఉంది. మొదటి ఏడాది వద్దని 2008లో కొన్నవాడికి ఒరిగిందేమీ లేదు. పోర్షెలోనూ 1990ల చివర నుంచి 2000ల దాకా వచ్చిన బాక్‌స్టర్, 911లలో ఐఎంఎస్ బేరింగ్ (ఇంజిన్ లోపలి ఒక ఇరుసుకు ఉండే బేరింగ్) గురించి జనం ఏళ్ల తరబడి భయపడ్డారు.

కాబట్టి క్యాలెండర్ చూడకండి. ఏ భాగం కొత్తది, ఏది ఇప్పటికే వేల బండ్లలో తిరిగింది అని విడదీసి చూడండి. బీఎండబ్ల్యూ కొత్త ఎం2 మన దేశంలో 2023లో వచ్చింది. మొదటి ఏడాది బండే. కానీ దాని ఎస్58 ఇంజిన్ 2019 నుంచి ఎక్స్3 ఎంలో, తర్వాత ఎం3, ఎం4లలో తిరుగుతోంది. దాన్ని మొదటి ఏడాదే కొన్నా నాకైతే భయం ఉండేది కాదు.

బరంపురం_రాళ్ల_వ్యాపారి
సోమవారం, మధ్యాహ్నం 1:15

గుణుపురం తమ్ముడూ, ఇది నేను ఆలోచించని కోణం. మరి జీటీఎస్‌లో ఏవి కొత్తవి, ఏవి పాతవి? ఎవరైనా విడదీసి చెప్పగలరా? రాయగడ వారి అనుభవం చదివాక మా ఆవిడ కూడా ఈ చర్చ చదువుతోంది.

పర్లాకిమిడి_పెద్దాయన
సోమవారం, సాయంత్రం 4:40

నాకు తెలిసినంతవరకు చెబుతాను.

కరేరా ఇంజిన్: 3.0 లీటర్ల ట్విన్ టర్బో కుటుంబం 2015లో మొదలైంది. కొత్త కరేరాకు పెట్టిన టర్బోలు అంతకుముందు జీటీఎస్‌లో వాడినవే, ఇంటర్‌కూలర్ 911 టర్బో నుంచి తెచ్చారు. అంటే ఇంజిన్ వైపు కొత్తదనం చాలా తక్కువ. కొత్తగా వచ్చింది ముఖ్యంగా డ్యాష్‌బోర్డు: మీటర్లన్నీ తెర మీదకు వెళ్లాయి, స్టార్ట్ చేయడానికి బటన్ పెట్టారు. తెర మొరాయిస్తే చిరాకే గానీ రోడ్డు మీద నిలబడిపోయే సంగతి కాదు.

జీటీఎస్: ఇంజిన్ కొత్తది. రెండు టర్బోల చోట ఒకటే, దాని ఇరుసు మీద ఒక ఎలక్ట్రిక్ మోటారు. పొగ వేగం అందుకునేదాకా ఆగకుండా మోటారే టర్బోను తిప్పేస్తుంది, పైగా పొగ నుంచి కరెంటు కూడా తీస్తుంది. గేర్‌బాక్స్‌లో ఇంకో మోటారు. 400 వోల్టుల వ్యవస్థ, 1.9 కిలోవాట్ అవర్ బ్యాటరీ. ఏసీ కంప్రెసర్ కూడా ఆ కరెంటుతోనే నడుస్తుంది, ఇంజిన్‌కు బెల్టు లేదు.

ఇంజనీర్‌గా చూస్తే ఇది నాకు ఎంతో ముచ్చటైన పని. కానీ ఒకేసారి ఇన్ని కొత్తవి కలిసిన చోట, ఒకదాని తప్పు ఇంకొకదాని మీద పడి అసలు జబ్బు ఎక్కడుందో పట్టుకోవడమే కష్టమవుతుంది. 400 వోల్టులు కాబట్టి శిక్షణ పొందిన మనిషి తప్ప ఎవరూ చేయి పెట్టకూడదు. బరంపురంలో ఎంత మంచి మెకానిక్ ఉన్నా ఈ బండికి అక్కరకు రాడు. వాళ్ల తెలివిని తక్కువ చేసి అనడం లేదు, ప్రాణాల విషయం.

ఇంకొకటి. 2018లో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాను ఎలా ముంచిందో చూశాం. 2013లో ఫైలిన్ మీ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఇంత కిందికి ఉండే బండిని నీళ్లలోకి దించకూడదు. ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ రక్షణ కవర్ తీసుకోండి, అందులో హైబ్రిడ్ బ్యాటరీ కలిసిందో లేదో రాతపూర్వకంగా అడగండి.

గోపాల్‌పూర్_తీరం
సోమవారం, రాత్రి 8:05

అన్నయ్యా, నేను కూడా కార్ల పిచ్చిదాన్నే, మా ఇంట్లో బండ్ల వ్యవహారమంతా నాదే. ఎవరూ అడగనిది ఒకటి అడుగుతాను. ఈ బండి మీరు ఎక్కడ నడుపుతారు?

బరంపురం నుంచి గోపాల్‌పూర్ పట్టుమని 15 కిలోమీటర్లు. సాయంత్రం సముద్రం దాకా వెళ్లి రావడమే ఎక్కువసార్లు జరిగేది అయితే నూనె సరిగా వేడెక్కదు. ఇలాంటి ఇంజిన్‌కు అది మంచిది కాదు, కొత్తదైనా పాతదైనా. మిగతా రోజులు కదలకుండా నిలబడి ఉంటుంది. ఉప్పు గాలి, బ్యాటరీ దిగిపోవడం, టైర్లు ఒకవైపు చదునవడం. నిలబడి ఉన్నప్పుడు బ్యాటరీ దిగకుండా చూసే బ్యాటరీ మెయింటెయినర్ తప్పక పెట్టండి. జాతీయ రహదారి 16 మీద నెలకొకసారైనా భువనేశ్వర్ దాకా వెళ్లి రండి.

టైర్ల సంగతి కూడా. జీటీఎస్ వెనక టైరు 315/30, 21 అంగుళాలు. స్టెప్నీ ఉండదు, పంక్చర్ ద్రవం ఇస్తారు. పక్క గోడ చిరిగితే ఆ ద్రవం పనికిరాదు, ఆ సైజు టైరు మన ఊళ్లో దొరకదు. ముందు భాగాన్ని పైకెత్తే లిఫ్ట్ ఆప్షన్ మాత్రం వదలకండి, మన స్పీడ్ బ్రేకర్లకు అది లేకపోతే ఇల్లు దాటలేరు.

కోరాపుట్_ఘాట్
సోమవారం, రాత్రి 8:31

అక్క చెప్పినదానికి పెట్రోలు కూడా కలపండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు. ఇండియన్ ఆయిల్ వాళ్ల 100 ఆక్టేన్ పెట్రోలు ఎక్స్‌పీ100 పెద్ద నగరాల్లోనే దొరుకుతుంది. మీ బండికి ఏ పెట్రోలు సరిపోతుందో హ్యాండ్‌బుక్‌లో చూసి, డీలర్‌తో ఈమెయిల్‌లో ఒప్పించుకోండి. రేపు ఏదైనా జరిగితే పెట్రోలు మీద నెట్టేయకుండా.

నేను ఇప్పటికీ జీటీఎస్ వైపే ఉన్నాను. అయితే రాయగడ అన్న చెప్పిన ఫ్లాట్‌బెడ్ సంగతి తేలకుండా బుక్ చేయమని మాత్రం అనను.

జయపురం_వకీలు
మంగళవారం, ఉదయం 7:30

నేను వినియోగదారుల కేసులు చూస్తుంటాను. చట్టం వైపు నుంచి కొంత చెప్పాలి.

పదేపదే చెడిపోయే కొత్త బండిని వెనక్కి తీసుకునేలా అమెరికాలో ప్రత్యేక చట్టాలున్నాయి. మనకు అలాంటిది లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టమే దిక్కు. 2021 చివర వచ్చిన నియమాల ప్రకారం చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు అయితే జిల్లా కమిషన్, అక్కడి నుంచి 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, ఆ పైన ఢిల్లీలోని జాతీయ కమిషన్. మనకు రాష్ట్ర కమిషన్ కటక్‌లో ఉంది. జీటీఎస్ అయితే మీరు నేరుగా ఢిల్లీ వెళ్లాలి. కరేరా ప్రకటించినప్పుడు 1.99 కోట్లు అన్నారు గానీ ఆప్షన్లు కలిపితే అదీ 2 కోట్లు దాటుతుంది.

బండి కంపెనీ పేరు మీద కొంటున్నారా? వ్యాపార అవసరానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కాదు అని అవతలివాళ్లు వాదిస్తారు. డైరెక్టర్ సొంత వాడకానికి కంపెనీ కొన్న కారును అలా తోసిపుచ్చలేమని 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆ వాదన తేలడానికి ఏళ్లు పడుతుంది. సొంత పేరు మీద కొంటే ఆ తలనొప్పే ఉండదు.

రీకాల్ విషయం: మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో రీకాల్ చేయమని ఆదేశించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. కాబట్టి చిన్న లోపం కనబడినా నోటితో చెప్పి వదిలేయకండి. సర్వీస్ వాళ్లు రాసే జాబ్ కార్డు మీద రాయించండి, కాపీ తీసుకోండి. మాకు కోర్టులో అక్కరకు వచ్చేది ఆ కాగితమే.

ఇంకొక మనవి. మన సరిహద్దు ఊళ్లలో కొందరు ఇటు ఉంటూ అటు ఆంధ్రలోని ఇచ్ఛాపురం చిరునామాతో రిజిస్టర్ చేయిస్తారు. మీరు అలా చేయకండి. మీరుండేది గంజాంలో, నంబరు గంజాంకు చెందిన ఓడీ 07 ఉండాలి. ఇన్సూరెన్స్ క్లెయిము దగ్గర చిరునామా తేడా పెద్ద చిక్కు తెస్తుంది.

రాయగడ_రోడ్లు
మంగళవారం, ఉదయం 9:00

వకీలు గారి మాట నూటికి నూరు పాళ్లు నిజం. మా బండికి మొదటిసారి దీపం వెలిగినప్పుడు సర్వీస్ వాళ్లు రీసెట్ చేసి పంపారు, జాబ్ కార్డు మీద సాధారణ తనిఖీ అని రాశారు. తర్వాత ఆ సమస్య ముందునుంచే ఉందని చూపించడానికి మా దగ్గర ఏమీ లేకపోయింది.

గుణుపురం_అబ్బాయి
మంగళవారం, ఉదయం 9:48

ఇంకొకటి గుర్తొచ్చింది. నిస్సాన్ జీటీ-ఆర్ 2008లో అమెరికాకు వచ్చినప్పుడు లాంచ్ కంట్రోల్ (నిలబడ్డ చోటు నుంచి బండిని ఒక్కసారిగా దూకించే ఏర్పాటు) వాడి గేర్‌బాక్స్ పోగొట్టుకున్నవాళ్లకు వారంటీ దగ్గర పెద్ద గొడవలయ్యాయి. తర్వాత సాఫ్ట్‌వేర్ మార్చి ఆ దూకుడు తగ్గించారు. బండిలో బటన్ ఇచ్చారు కదా అని నొక్కితే చెల్లుతుందనుకోకండి. వారంటీ పుస్తకంలో ట్రాక్ వాడకం గురించి ఏం రాశారో కొనకముందే చదవండి. ఇప్పటి బండ్లు ఇంజిన్‌ను ఎంత వేగంతో తిప్పారో, ఎన్నిసార్లు హద్దు దాటించారో రాసిపెట్టుకుంటాయి.

బరంపురం_రాళ్ల_వ్యాపారి
శనివారం, సాయంత్రం 6:25

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని కోల్‌కతా వెళ్లి వచ్చాను.

ఫ్లాట్‌బెడ్ గురించి అడిగితే పంపుతామన్నారు. బరంపురానికి ఎంత సేపట్లో వస్తుందో ఈమెయిల్‌లో రాయమంటే రాశారు: లారీ భువనేశ్వర్ వైపు నుంచి ఏర్పాటు చేస్తారు, మరుసటి రోజులోగా. అది నాకు సరే. హైబ్రిడ్ భాగం మీద పని చేసే మనిషి మాత్రం కోల్‌కతా దాటి రాడు, ఆ భాగాల్లో చాలావరకు జర్మనీ నుంచి తెప్పించాలి. దాచకుండా చెప్పినందుకు వాళ్ల మీద గౌరవం పెరిగింది.

రెండు బండ్లూ చూశాను. జీటీఎస్ నడిపినప్పుడు కాలు కదిలీ కదలకముందే బండి కదిలింది, ఆ అనుభూతిని మరిచిపోలేను. అయినా కరేరా బుక్ చేశాను. ముందు లిఫ్ట్ పెట్టించాను. సొంత పేరు మీదే, ఓడీ 07 మీదే. కోరాపుట్ తమ్ముడూ, నిన్ను నిరాశపరిచానేమో, ఏమీ అనుకోకు. మూడు నాలుగేళ్ల తర్వాత ఆ 3.6 ఇంజిన్ మన దేశపు ఎండల్లో, వానల్లో ఎలా నిలబడిందో తెలుస్తుంది. అప్పుడు మార్చుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.

కోరాపుట్_ఘాట్
శనివారం, సాయంత్రం 6:40

నిరాశ ఎందుకన్నా, 911 వస్తోంది మన ప్రాంతానికి! రన్నింగ్-ఇన్ (కొత్త ఇంజిన్‌ను మెల్లగా నడిపే మొదటి దశ) అయ్యాక ఒకసారి ఘాట్ వైపు తీసుకురా. ఏ దారిలో గోతులు తక్కువో నేను ముందే చూసి పెడతాను.

పర్లాకిమిడి_పెద్దాయన
శనివారం, రాత్రి 7:15

మంచి నిర్ణయం బాబూ. డెలివరీ తీసుకునేటప్పుడు తయారీ తేదీ చూడండి, ఓడలోనూ గోదాములోనూ ఎంతకాలం ఉందో అడగండి. టైర్ల మీద వారం, సంవత్సరం ముద్ర ఉంటుంది, నాలుగూ చదవండి. కంపెనీ చెప్పిన గడువు దాకా ఆగకుండా మొదటి నూనె ముందే మార్పించండి, ఆ ఖర్చు మీరే పెట్టుకోండి. ఈ బండికి నూనె కొలిచే పుల్ల ఉండదు, తెర మీదే చూడాలి. ఆ కొలత ఎలా తీయాలో అక్కడే వాళ్ల చేత చేయించి చూసి రండి. కోల్‌కతా నుంచి ఇంటికి నడుపుకొస్తారా, లారీ మీద తెప్పిస్తారా?

బరంపురం_రాళ్ల_వ్యాపారి
శనివారం, రాత్రి 7:32

నడుపుకొనే వస్తాను గురువు గారూ. మా ఆవిడ పక్కన ఉంటుంది. బాలాసోర్‌లో, భువనేశ్వర్‌లో ఆగుతాం, ఇంజిన్‌ను నాలుగు వేల ఆర్‌పీఎం దాటించను. వచ్చాక ఇక్కడే ఫోటోలు పెడతాను, జాబ్ కార్డు సంగతులు కూడా ఎప్పటికప్పుడు రాస్తాను.